పండుగ కళకు పదకొండు మార్కులు

ఫొటోలో పండుగ కళ లేకపోతే కార్డు లేదని మా ఊళ్లో కాగితం అంటించిన రోజు ఏ పండుగా లేదు. ఉత్త మంగళవారం.

కాగితం అంటించింది కుటుంబ కార్డుల ఆఫీసు గోడకి. ఆ ఆఫీసు మెట్లకి ఎదురుగా ఉన్నది నా ఫొటో స్టూడియో. అటెండరు జిగురు చేతులతోనే రోడ్డు దాటి వచ్చి, ఇంకో కాపీ నా బల్ల మీద పెట్టాడు. అందులో ఇలా ఉంది:

"కుటుంబ కార్డులకు జతపరచు ఛాయాచిత్రములందు ప్రజలు విచారగ్రస్తులుగా కనబడుచున్నట్లు ప్రభుత్వము వారి దృష్టికి వచ్చినది. ఇకమీదట సదరు ఛాయాచిత్రములందు పండుగ కళ ఉట్టిపడవలెను. ఉట్టిపడనివి తిరస్కరింపబడును."

సంగతేమిటంటే, పైన ఒక పెద్ద అధికారి పొద్దున్నే ఇడ్లీ తింటూ ఫైలు విప్పారట. అందులో నలభై కుటుంబాల ఫొటోలు. ఒక్క మొహమూ నవ్వడం లేదు. నెలల పిల్లలు కూడా సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టు చూస్తున్నారు. ఆయనకి ఇడ్లీ దిగలేదు. "ఇంతమంది నన్నే చూసి ఏడుస్తున్నట్టుంది" అన్నారట. ప్రజలు ఎందుకు ఏడుస్తున్నారో కనుక్కోవడానికి చాలా కాలం పడుతుంది. ఫొటో మార్చడానికి పట్టదు. కాబట్టి ఫొటో మార్చమన్నారు.

నేను కాగితం చదివి గోడకి కొట్టాను. యాభై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. నవ్వమని ఎవరికీ చెప్పలేదు. కదలొద్దని మాత్రమే చెప్పాను.

మర్నాడు మొట్టమొదట వచ్చినవాడు గవరయ్య.

గవరయ్య బెల్లం మార్కెట్టులో కళాసీ. దిమ్మలు లారీకెత్తుతాడు. నవ్వాడంటే కాటా దగ్గర నవ్వింది గేటు దాకా వినబడేది. కడుపులోంచి నవ్వేవాడు. ఇప్పుడు ఆ కడుపులోనే పేగు జారింది. రెండు చేతులతో పొత్తికడుపు పట్టుకుని మెల్లగా మెట్టెక్కాడు. వెనకాల పెళ్లాం పైడితల్లి, తొమ్మిదో తరగతి చదివే కూతురు కనక.

"మావా, ఫొటో తియ్యి. బేగి తియ్యి. ఇరవై ఎనిమిదిన ఆపరేషను" అన్నాడు.

పాత కార్డు గడువు తీరిపోయింది. కొత్త కార్డు చూపిస్తేనే పెద్దాసుపత్రిలో ఆపరేషను ఉచితం. ఆ రోజు తప్పితే మళ్లీ తారీఖు ఎప్పుడిస్తారో డాక్టరుకే తెలీదు. ఈలోగా పేగు ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పని చెప్పాడట.

"దగ్గొద్దన్నాడు. తుమ్మొద్దన్నాడు. దిమ్మ ముట్టుకోవద్దన్నాడు" అంది పైడితల్లి. "ఆటన్నిటికన్నా ముందు నవ్వొద్దన్నాడు."

నేను గోడ మీది కాగితం చూపించాను. కనక పైకి చదివింది.

గవరయ్య పెదాలు అదిరాయి. ముక్కు వెడల్పయింది. పైడితల్లి చటుక్కున అతని మొహం తన వైపు తిప్పుకుంది.

"ఒద్దు! నవ్వకు! మీ పెద్దమ్మని తలుసుకో. పెద్దమ్మ సచ్చిపోయినప్పుడు ఎలగున్నావో అలగుండు."

అతను పెద్దమ్మని తలుచుకున్నాడు. మొహం సర్దుకుంది. ఆ క్షణంలోనే బటన్ నొక్కాను. నీలం తెర ముందు ముగ్గురు. గవరయ్య కడుపు పట్టుకుని నేల చూస్తున్నాడు. పైడితల్లి అతను ఎక్కడ నవ్వుతాడోనని హడలిపోయి చూస్తోంది. కనక కింది పెదవి కొరుక్కుంటోంది.

మంచి ఫొటో. ఎవరూ కదల్లేదు.

*

ఫొటో గంటలో తిరిగొచ్చింది. ఫొటోతో పాటు కోదండపాణి గారు కూడా వచ్చారు.

ఆయన కొత్తగా వచ్చిన ఉత్సవ కళా పర్యవేక్షకులు. నుదుటి దాకా దువ్విన జుట్టు, జేబులో నాలుగు పెన్నులు, చేతిలో ఒక ప్లాస్టిక్ పట్టీ. పట్టీ మీద సున్నా నుంచి నూరు దాకా గీతలు. దాని పేరు కళామాపకం. ఫొటో పక్కన పెట్టి కొలుస్తారు. అరవై దాటితే నెగ్గినట్టు.

"పదకొండు" అన్నారాయన. "నా పదవీకాలంలో ఇంత తక్కువ కళ నేను చూడలేదు."

"తమరి పదవీకాలం ఎన్నాళ్లయిందండీ?" అని అడిగింది కనక.

"నిన్న మధ్యాహ్నం నుంచి."

పైడితల్లి ముందుకొచ్చింది. "బాబూ, ఆయనకి పేగు జారింది. నవ్వితే సచ్చిపోతాడు. నాను నవ్వుతాను. గుంట నవ్వుతాది. మా ఇద్దరి నవ్వూ లెక్కెయ్యండి."

"అమ్మా, కుటుంబ యజమాని నవ్వని పక్షంలో మిగతా సభ్యుల నవ్వు పరిగణనలోకి రాదు. అది కేవలం అనుబంధ నవ్వు."

"మరి ఆపరేషను అయినాక నవ్వుతాడు."

"అప్పుడు కార్డు ఇస్తాం."

"కార్డుంటేనే కదా బాబూ ఆపరేషను?"

కోదండపాణి గారు ఫొటో మీద తిరస్కరించినట్టు సంతకం చేసి, ఫైల్లోకని పట్టీతో పాటు జేబులో పెట్టుకున్నారు. "వైద్యం మా శాఖ కాదు. నవ్వు మా శాఖ."

గవరయ్య మళ్లీ పెదాలు బిగించాడు. పెద్దమ్మ దగ్గరికి వెళ్లిపోయాడని చూస్తేనే తెలిసింది.

తరవాత ఆయన దృష్టి నా తెరల మీద పడింది. నావి మూడు తెరలు. మూడూ నేనే గీశాను.

"ఇదేమిటి?"

"జలపాతం."

"జలపాతం పండుగా?"

"కాదు."

"తీసెయ్యండి. పండుగ తెర గీయండి."

"దీపాలు గీస్తాను."

"దీపాలు గీస్తే ఒక మతానికి మొగ్గినట్టు."

"నక్షత్రం."

"అదీ మొగ్గే."

"నెలవంక."

"సన్యాసయ్యా, నన్ను సస్పెండు చేయిస్తావా?"

"మామిడాకుల తోరణం."

"తోరణం దీపాల పక్కనే ఉంటుంది. ఎవరైనా దీపాలు గుర్తు తెచ్చుకుంటే బాధ్యత ఎవరిది? ఏ పండుగకీ చెందని పండుగ గీయాలి. చూడగానే పండుగ అనిపించాలి. ఏ పండుగో అనిపించకూడదు."

నేను బ్రష్షు పట్టుకుని నిలబడ్డాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఎదురు కొట్టులో జిలేబీలు వేస్తున్నారు. చాలాసేపు చూశారు.

"జిలేబీ ఏ మతానిది?"

"తినేవాళ్లది" అన్నాను.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. జిలేబీని నిష్పాక్షిక మిఠాయిగా గుర్తించారు. రెండు రోజుల్లో తెర గీశాను. ఆరడుగుల జిలేబీ, బండి చక్రమంత. పాకం కారుతున్నట్టు పసుపురంగు గీతలు వేశాను. నా బతుకులో నేను గీసిన తెరల్లో అదే బాగా కుదిరింది. ఊరంతా దాని ముందు నిలబడి నవ్వి వెళ్లింది. పదిరోజుల్లో నాలుగొందల కుటుంబాలు నెగ్గాయి. అప్పడాల వీరన్న కుటుంబానికి తొంభై ఆరు వచ్చిందని వాళ్ల వీధిలో మైకు పెట్టారు.

గవరయ్యని ఆ తెర ముందు కూర్చోబెట్టాను. తెరకి ముప్ఫై వచ్చింది. పైడితల్లి పెళ్లినాటి చీరకి పన్నెండు వచ్చాయి. మొత్తం నలభై రెండు. అరవైకి ఇంకా పద్దెనిమిది కావాలి. అవి గవరయ్య నోట్లో ఉన్నాయి.

"సిన్నగా నవ్వనా మావా? పెదాల్తో?" అన్నాడు.

"నీకు సిన్నగా రాదు" అంది పైడితల్లి. "పెళ్లిసూపులప్పుడూ అలగే అన్నావు. మా నాన్న సేతిలో కాఫీ గలాసు పడిపోనాది."

నిజమే. అతనికి చిన్న నవ్వు లేదు. నేను ఫొటో తీసి, బల్ల దగ్గర కూర్చుని, సన్న బ్రష్షు తీశాను. వెనకటికి మెల్లకన్నులు, మశూచి మచ్చలు ఈ బ్రష్షుతోనే సరిచేసేవాణ్ణి. గవరయ్య పెదాల చివర్లు కొంచెం పైకి లాగాను. నాలుగు పళ్లు పెట్టాను. ఒకటి సందు వదిలాను, నిజంగా ఉన్నట్టుండాలని.

కోదండపాణి గారు పట్టీ పెట్టారు. డెబ్భై నాలుగు.

"చూశారా!" అన్నారు. "కృషి ఉంటే కళ దానంతట అదే వస్తుంది." సంతకానికి పెన్ను తీశారు. పేజీ తిప్పడానికి వేలు నాలుక మీద అద్దుకున్నారు. తడి వేలు ఫొటోకి తగిలింది.

నవ్వు ఆయన వేలికి అంటుకుంది.

ఆయన వేలి వంక చూశారు. ఫొటో వంక చూశారు. ఫొటోలో గవరయ్యకి నవ్వు పోయి, పెద్దమ్మ మిగిలింది.

"ఇది మోసం" అన్నారు.

"రంగు" అన్నాను.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఒక కొత్త ప్రశ్న ఆయనకి తట్టిందని నాకు తెలిసింది. అలాంటప్పుడు ఆయన కనుబొమ్మలు కలిసిపోతాయి.

"ఈ నవ్వు అబద్ధమైతే, మిగతా నాలుగొందల నవ్వులు నిజమని ఏమిటి రుజువు? అసలు ఆ ఇళ్లల్లో ఆ రోజు పండుగే జరగలేదు కదా?"

*

తరవాతి ఉత్తర్వు గురువారం వచ్చింది. ఫొటో తీసిన రోజున దరఖాస్తుదారుని గృహమందు వాస్తవంగా పండుగ జరిగినట్టు వార్డు అధికారి ధ్రువీకరించాలి. ఫొటో అదే రోజు దాఖలు చేయాలి. మర్నాటికి కళ నిలవదు.

ఇరవై మూడో తారీఖున వార్డు అధికారి గవరయ్య ఇంటికి వెళ్లాడు. పొయ్యి మీద మూత తీసి చూశాడు. "చారు, ఉప్పుచేప. పండుగ లేదు" అని రాసుకున్నాడు.

మర్నాడు పైడితల్లి పరమాన్నం వండింది. గుమ్మానికి పసుపు రాసింది. కనక ముగ్గు పెట్టింది. అధికారి రెండు గిన్నెలు తిని, "ఏం పండుగ?" అని అడిగాడు.

"మా ఆయన ఆపరేషను పండగ" అంది పైడితల్లి.

"జాబితాలో లేదు."

"ఏ పండగకీ సెందని పండగ కావాలన్నారు కదేటి?"

అతను ఆలోచించి, మూడో గిన్నె తిని, సంతకం పెట్టాడు. ముగ్గురూ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. గవరయ్య పరుగెత్తలేదు, కడుపు పట్టుకుని నడిచాడు. నవ్వు లేకుండానే ఒక ఫొటో తీశాను. నవ్వు సంగతి తరవాత చూద్దాం, ముందు కాగితం అయినా లోపలికి పోనీ అని అందరం రోడ్డు దాటాం.

ఆఫీసుకి తాళం వేసి ఉంది. మెట్ల మీద కోదండపాణి గారు ఒక్కరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఇవాళ సెలవు" అన్నారు.

"ఏం సెలవు?" అని అడిగాను.

"పండుగ సెలవు. ఇదిగో, మీ ఇంట్లో పండుగ జరుగుతోందని మా అధికారే సంతకం పెట్టాడు. ధ్రువీకరించిన పండుగ రోజున ప్రభుత్వ కార్యాలయాలు పనిచేయరాదు. మీ ఇంట్లో పండుగ అని మేమే ఒప్పుకుని మేమే పనిచేస్తే, మీ పండుగని అవమానించినట్టు కాదా?"

"అయితే రేపిస్తాం" అంది కనక.

"రేపటికి కళ నిలవదు తల్లీ."

"రేపు ఇంకోసారి పండుగ చేసుకుని, రేపే ఇస్తాం."

"రేపు పండుగైతే రేపూ సెలవే."

"పండగ సెయ్యకపోతే?" అంది పైడితల్లి.

"పండుగ లేనిదే ఫొటో చెల్లదు."

కోదండపాణి గారి మొహంలో తృప్తి ఉంది. "నిబంధన ఎంత పటిష్ఠంగా కుదిరిందో గమనించారా? వారం నుంచి ఒక్క తప్పుడు దరఖాస్తు కూడా లోపలికి రాలేదు."

"ఒప్పు దరఖాస్తు?" అన్నాను.

"అదీ రాలేదు."

అప్పుడు గవరయ్యకి వచ్చింది. ముందు భుజాలు కదిలాయి. తరవాత మెడ ఎర్రబడింది. కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. అతను మెట్టు మీద కూలబడి కడుపు అదిమిపట్టుకున్నాడు. పైడితల్లి తుండుగుడ్డ ఉండ చేసి అతని నోట్లో కుక్కింది.

"ఒద్దు మావా ఒద్దు! సచ్చిపోతావు! పెద్దమ్మ! పెద్దమ్మ!"

"నువ్వు నవ్వొద్దు నాన్నా" అని కనక ఏడ్చింది. తండ్రి నవ్వు ఆపడానికి ఏడ్చిన పిల్లని నేను చూడటం అదే మొదలు.

కోదండపాణి గారు కుర్చీలోంచి లేచి, ఆశగా పట్టీ తీశారు. "అది నవ్వేనా? కొంచెం గుడ్డ తీస్తే కొలుస్తాను."

పైడితల్లి ఆయన వంక చూసింది. ఆయన పట్టీ లోపల పెట్టుకున్నారు.

ఆపరేషనుకి నాలుగు రోజులుంది. ఆ రాత్రి పైడితల్లి పరమాన్నం గిన్నె కడిగి బోర్లించి, ఇంక పండుగలు చెయ్యనంది.

*

ఇరవై ఐదో తారీఖున ఇంకో శాఖ మేలుకుంది. దాని పేరు అర్హతల పునఃపరిశీలన శాఖ. కార్డు బీదవాళ్లకే అందుతోందా లేదా చూడటం వాళ్ల పని. వాళ్లు మా నెగ్గిన నాలుగొందల ఫొటోలూ తెప్పించుకున్నారు.

అందరూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. అందరూ పెట్టెలో చీరలు కట్టుకున్నారు. ప్రతి ఇంట్లోనూ గోడంత జిలేబీ ఉంది.

ఇంత పెద్ద జిలేబీ చేయించుకోగల కుటుంబం బీద కుటుంబం కాదని వాళ్లు నిర్ధారించారు. నాలుగొందల కార్డులూ ఆపేశారు. వీరన్న తొంభై ఆరు మార్కులకి తొంభై ఆరు పేజీల సంజాయిషీ అడిగారు. వాళ్ల వీధిలో మైకు తీసేశారు.

సాయంత్రానికి కొత్త ఉత్తర్వు వచ్చింది. పాత కాగితం మీదే అంటించారు. "ఇకమీదట ఛాయాచిత్రములందు దైన్య కళ ఉట్టిపడవలెను. చిరునవ్వు, మిఠాయి, కొత్త వస్త్రములు కనబడినచో క్రిమినల్ చర్య తీసుకొనబడును. నమూనాగా అర్హమైన ఒక ఛాయాచిత్రమును ప్రతి కార్యాలయము రెండు దినములలో ప్రదర్శించవలెను."

కోదండపాణి గారు దైన్య కళా పర్యవేక్షకులయ్యారు. గది అదే, కుర్చీ అదే, పట్టీ అదే. బోర్డు మీద మాట చెరిపి ఇంకో మాట రాయమని నన్నే పిలిచారు. నేను నిచ్చెనెక్కి రాస్తుంటే కింద గదిలో బీరువాలన్నీ తిరగేస్తున్నారు.

"నమూనా కావాలి సన్యాసయ్యా. ఊళ్లో ఒక్కడూ దీనంగా లేడు. అందరినీ నవ్వించేశావు."

నిచ్చెన దిగాను. తిరస్కరించిన ఫైలు ఒక్కటే ఉంది. దుమ్ము దులిపి, మొదటి ఫొటో తీసి ఆయన ముందు పెట్టాను. నీలం తెర. నేల చూస్తున్న మగాడు. హడలిపోయి అతన్ని చూస్తున్న ఆడది. పెదవి కొరుక్కుంటున్న ఆడపిల్ల.

ఆయన పట్టీని తిరగేసి పెట్టారు.

"ఎనభై తొమ్మిది!" అన్నారు. "నా పదవీకాలంలో ఇంత గొప్ప కళ నేను చూడలేదు. ఇన్నాళ్లూ దీన్ని ఎవరు తొక్కిపెట్టారు?"

"పైన సంతకముంది" అన్నాను.

ఆయన తన సంతకమే చూసుకుని, మీద ఇంకో సంతకం పెట్టారు.

ఫొటోని పెద్దది చేసి ఆఫీసు గుమ్మంలో అద్దాల చట్రంలో పెట్టారు. కింద "ఆదర్శ కుటుంబం" అని నేనే రాశాను. ఇరవై ఏడో తారీఖు సాయంత్రం కోదండపాణి గారు కార్డుని స్వయంగా గవరయ్య చేతికిచ్చారు. చిన్న సభ కూడా పెట్టారు. "ఈ కుటుంబాన్ని చూసి అందరూ నేర్చుకోవాలి" అన్నారు. కెమెరా ముందు గవరయ్య పెద్దమ్మనే తలుచుకుంటూ నిలబడ్డాడు. దండ వెయ్యబోతే పైడితల్లి అడ్డుపడింది. దండ వేస్తే పండుగ అంటారేమోనని ఆవిడ భయం.

ఇరవై ఎనిమిదిన ఆపరేషను అయింది.

జిలేబీ తెరని తగలబెట్టమని నాకు నోటీసు వచ్చింది. తగలబెట్టానని రాసిచ్చాను. మడతపెట్టి అటక మీద పెట్టాను.

*

రెండు నెలల తరవాత, ఒక ఆదివారం మధ్యాహ్నం, ముగ్గురూ వచ్చారు. గవరయ్య చేతులు కడుపు మీద లేవు, ఊపుకుంటూ వచ్చాడు.

"మావా, డాక్టరు నవ్వొచ్చన్నాడు. నిన్న సెప్పాడు. నాను నవ్వలేదు. దాసుకున్నాను."

"దేనికి?"

"నీ దగ్గిర నవ్వుదామని. ఫొటో తియ్యి. కార్డుకి కాదు. గోడకి."

నేను తలుపు గడియ పెట్టాను. కిటికీ పరదా లాగాను. అటకెక్కి తెర దించాను. మడతల దగ్గర పాకం కొంచెం రాలింది గానీ జిలేబీ బాగానే ఉంది. దాని ముందు ముగ్గురినీ నిలబెట్టి కెమెరా వెనక్కి వెళ్లాను.

"కదలొద్దు" అన్నాను.

గవరయ్య గోడంత జిలేబీ వంక చూశాడు. ఎదురు రోడ్డు వైపు చూశాడు. "మావా, ఆ గుమ్మంలో మాం ఇంకా దీనంగానే ఉన్నామా?"

"ఉన్నారు. పొద్దున్నే ఇద్దరొచ్చి మీ మొహాలు చూసి నేర్చుకుంటున్నారు."

అంతే. రెండు నెలలు దాచుకున్నదంతా ఒక్కసారి వచ్చింది. బీరువా అద్దం అదిరింది. పైడితల్లి చేత్తో నోరు మూయబోయి, చెయ్యి అక్కర్లేదని గుర్తొచ్చి, తనూ మొదలెట్టింది. కనక నేల మీద కూర్చుండిపోయింది. నాకేమైందో తెలీదు, నా భుజం స్టాండుకి తగిలింది. బటన్ నొక్కుడు పడిపోయింది.

కదిలిపోయిన ఫొటో వచ్చింది. యాభై ఏళ్లలో నా చేతిలో కదిలింది అదొక్కటే. మళ్లీ తీస్తానన్నాను.

పైడితల్లి ఫొటోని వెలుగులో పెట్టి చూసింది. "మావోడి మొకమే కనబడ్డం నేదు."

"నవ్వు కనబడతంది కదే" అన్నాడు గవరయ్య. దాన్నే చంకలో పెట్టుకుని, వెనక తలుపులోంచి వెళ్లిపోయాడు.